తమ్ముడికి వేళ్ళు కదలవు, కంప్యూటర్ ఎలా వాడతాడు?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నేను తిరుపతిలో ఉద్యోగం చేస్తూ ఇక్కడే ఉంటున్నాను. మా తమ్ముడికి 24 ఏళ్ళు. బీకాం చదివాడు, ట్యాలీ కూడా నేర్చుకున్నాడు. రెండేళ్ళ కింద కాయలు కోసే సీజన్లో మామిడి చెట్టు మీద నుంచి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ తగిలింది, సీ6 (మెడలో ఆరో స్థాయి) అన్నారు. వేలూరులో చూపించాం, అక్కడే కొన్ని నెలలు ఉన్నాం. ఇప్పుడు వీల్‌చైర్‌లో కూర్చుంటాడు. భుజాలు కదులుతాయి, మోచేయి వంచుతాడు, మణికట్టు పైకి లేపుతాడు. వేళ్ళు మాత్రం అస్సలు కదలవు. ఫోన్ చూడాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఏదైనా వెతకాలంటే అమ్మనో నన్నో అడగాలి. అడగడం ఇష్టం లేక రొంత రొంతగా అన్నీ మానేస్తున్నాడు. కళ్ళతో నడిచే కంప్యూటర్ ఉందని, లక్షల్లో అవుతుందని ఎవరో చెప్పారు. అప్పు చేసైనా కొందామని నేను, నాకెందుకు అని వాడు. తెలుగులో రాసుకోవడం, ఇంటర్నెట్ చూడటం, వీలైతే ఏదైనా పని చేసుకోవడం, వీటికి దారి ఉందా? ఆ మెషిన్ కొనమంటారా?
– ఒక అక్క, తిరుపతి

సమాధానం: కొనొద్దమ్మా. అప్పు అసలే చేయొద్దు. మీ తమ్ముడికి కావలసినవి చాలావరకు మీ ఇంట్లో ఉన్న ఫోన్లోనూ, మామూలు లాప్‌టాప్‌లోనూ ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఆన్ చేసి చూపించినవాళ్ళు లేరు, అంతే.

కళ్ళతో నడిచే మెషిన్ ఉన్న మాట నిజమే. స్క్రీన్ కింద ఒక చిన్న పట్టీ బిగిస్తారు. అది కంటికి కనిపించని పరారుణ కాంతిని కళ్ళ మీద వేసి, చూపు ఎక్కడ నిలిచిందో కనిపెడుతుంది. ఒకచోట కాసేపు చూస్తే అక్కడ క్లిక్ పడుతుంది. విండోస్‌లో 2017 నుంచి దీనికి ఏర్పాటు ఉంది. ఆపిల్ వాళ్ళు 2024లో ఐఫోన్, ఐప్యాడ్‌లలో ముందు కెమెరాతోనే చూపును పట్టే సదుపాయం ఇచ్చారు. ఏఎల్ఎస్ లాంటి జబ్బుతో ఒంట్లో కదలికలన్నీ పోయి కళ్ళు మాత్రమే మిగిలినవాళ్ళకు అది ప్రాణంతో సమానం. కానీ వాడటం తేలిక కాదు. చదవడానికీ చూడాలి, నొక్కడానికీ చూడాలి. ఊరికే చూసినా నొక్కేస్తుంది. కళ్ళు త్వరగా అలసిపోతాయి. కిటికీలోంచి ఎండ పడితే గురి తప్పుతుంది. భుజం, మోచేయి, మణికట్టు కదిలే మీ తమ్ముడు ఆ తిప్పలు పడాల్సిన అవసరం లేదు.

మీకు ఆ సంగతి చెప్పినవాళ్ళు, ఏఎల్ఎస్‌తో ఒళ్ళంతా కదలకుండా పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పేరు కూడా చెప్పి ఉండొచ్చు. హాకింగ్ ఏళ్ళ తరబడి చేతిలో ఒక్క స్విచ్ పెట్టుకుని కంప్యూటర్ నడిపారు. చెయ్యి కూడా పోయాక కళ్ళద్దాలకు బిగించిన చిన్న సెన్సర్ ఆయన చెంప కదలికను పసిగట్టేది. స్క్రీన్ మీద అక్షరాల వెంట కర్సర్ తనంతట తానే నడుస్తూ ఉంటుంది. కావలసిన అక్షరం దగ్గరికి రాగానే ఆయన చెంప కదిపేవారు. ఇంటెల్ కంపెనీ ఆయన కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. అంత మనిషీ పుస్తకాలు రాసింది, ఉపన్యాసాలు ఇచ్చింది ఒక్క కండరంతో. కాబట్టి ఏ మెషిన్ కొనాలన్నది ముందు అడగాల్సిన ప్రశ్న కాదు. ఏ కదలిక అతనికి నమ్మకంగా, నొప్పి లేకుండా, పదేపదే చేసినా అలసట రాకుండా వస్తోంది? దీనికి జవాబు దొరికితే మిగతాదంతా దాని చుట్టూ అమర్చుకోవచ్చు.

మీ తమ్ముడి విషయంలో ఆ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మణికట్టు పైకి లేస్తోంది. ఒకసారి గమనించండి: మణికట్టు పైకి లేపినప్పుడు వేళ్ళు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి, కిందికి వదిలితే తెరుచుకుంటాయి. వేళ్ళ కండరం పని చేయకపోయినా, దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు లాగడం వల్ల వచ్చే పట్టు అది. తేలికైన వస్తువులు దానితో పట్టుకోవచ్చు. అందుకే ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి ఉంచి వేళ్ళు బాగా సాగదీస్తుంటే వెంటనే ఆపించండి. ఆ స్నాయువులు వదులైపోతే ఉన్న పట్టు కూడా పోతుంది. వేలూరులో ఈ మాట చెప్పే ఉంటారు, ఇంటికొచ్చాక మరిచిపోవడం మామూలే.

కీబోర్డు కంటే ముందు కూర్చునే తీరు చూడాలి. ఇది చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం దీని మీదే గట్టిగా చెబుతాను. వీల్‌చైర్ చేతులు కిందకి దూరేటంత ఎత్తులో బల్ల ఉండాలి. మోచేతులు, ముంజేతులు బల్ల మీద పూర్తిగా ఆనాలి. చెయ్యి గాల్లో వేలాడుతుంటే భుజం పది నిమిషాల్లో అలసిపోతుంది, అప్పుడు నాకు రాదు అనిపిస్తుంది. బల్ల ఎత్తు చాలకపోతే దాని కాళ్ళ కింద చెక్క దిమ్మెలు పెట్టండి. లాప్‌టాప్‌ను ఎట్టి పరిస్థితిలోనూ తొడల మీద పెట్టొద్దు. అది వేడెక్కితే అతనికి తెలియదు, చర్మం కాలి పుండు పడేదాకా ఎవరికీ తెలియదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే టైమ్ తెలియదు కాబట్టి ఫోన్లో అరగంటకో అలారం పెట్టి, వేలూరులో నేర్పినట్టు ముందుకో పక్కకో వంగి ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీద బరువు తగ్గించుకోవాలి. ఒక్క ఒత్తిడి పుండు వస్తే నెలల తరబడి మంచం దిగనివ్వదు. ఇంకొకటి, మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్ళకు దెబ్బకు కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోదు. మన ఎండాకాలం మధ్యాహ్నాలు కంప్యూటర్ పని పెట్టుకోవద్దు. పొద్దున్నే, లేదంటే సాయంత్రం.

ఇక టైపింగ్. అరచేతికి చుట్టుకునే ఒక పట్టీ ఉంటుంది, యూనివర్సల్ కఫ్ అంటారు. దానికి చిన్న జేబు లాంటిది కుట్టి ఉంటుంది, అందులో చెంచా పెడితే తినొచ్చు, పెన్ను పెడితే రాయొచ్చు. పెన్సిల్‌ను రబ్బరు కొస కిందికి వచ్చేలా దూరిస్తే కీబోర్డు మీద ఒక్కో కీ నొక్కొచ్చు. వేలూరులో ఇచ్చి ఉంటే అటక మీద వెతకండి. లేకపోతే మీ ఊళ్ళో చెప్పులు కుట్టేవాళ్ళు మెత్తటి తోలు, వెల్క్రో పట్టీతో అరగంటలో కుట్టిస్తారు. ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: అతనికి అరచేతిలో స్పర్శ తక్కువ ఉంటుంది, బిగుతైతే తెలియదు. మొదట్లో కాసేపు వాడగానే తీసి చర్మం ఎర్రబడిందేమో చూడాలి. రెండు చేతులకూ రెండు పట్టీలు ఉంటే వేగం పెరుగుతుంది.

ఒక్క కొసతో నొక్కేవాళ్ళకు మొదటి అడ్డంకి షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్. రెండు కీలు ఒకేసారి పట్టుకోవడం కుదరదు. విండోస్‌లో షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది. అవునంటే చాలు, కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలి, తర్వాత సీ నొక్కితే రెండూ కలిపి నొక్కినట్టే తీసుకుంటుంది. చెయ్యి జారి ఒకే అక్షరం నాలుగైదుసార్లు పడుతుంటే కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచాలి, ఫిల్టర్ కీస్ వస్తుంది. పొరపాటున తగిలిన కీలను అది పట్టించుకోదు. ఎంతసేపు నొక్కితే తీసుకోవాలో సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

మౌస్ బదులు లాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌నే ముందు ప్రయత్నించనివ్వండి. ముడుచుకున్న చిటికెన వేలి కణుపును టచ్‌ప్యాడ్ మీద జరపడం, దానితో తట్టడం సీ6 దెబ్బ ఉన్నవాళ్ళు చాలామంది చేస్తారు. ఫోన్ స్క్రీన్ మీద కూడా అదే కణుపు పనిచేస్తుంది. అది కుదరకపోతే పెద్ద బంతి ఉన్న ట్రాక్‌బాల్ కొనొచ్చు, అరచేతి అంచుతో బంతి దొర్లిస్తే పాయింటర్ కదులుతుంది, మౌస్‌లా మొత్తం చెయ్యి జరపక్కర్లేదు. కొనేలోపు ఒక ఉచిత దారి ఉంది. కుడిపక్క అంకెల గళ్ళు ఉండే మామూలు యూఎస్‌బీ కీబోర్డు తీసుకుని సెట్టింగ్స్‌లో మౌస్ కీస్ ఆన్ చేయండి. 8 నొక్కితే పాయింటర్ పైకి, 2 కిందికి, 4 ఎడమకి, 6 కుడికి. 5 అంటే క్లిక్. 0 నొక్కితే వస్తువును పట్టుకున్నట్టు, చుక్క నొక్కితే వదిలినట్టు. పట్టుకుని లాగడం చేతులు సరిగా కదలనివాళ్ళకు అన్నిటికంటే కష్టమైన పని, అది ఇలా రెండు నొక్కులతో అయిపోతుంది.

ఫోన్ ఎవరో ఒకరు పట్టుకోవాలన్నారు కదా. ఆ కష్టాన్ని ఈ వారమే తీర్చేయండి. మంచానికో వీల్‌చైర్‌కో బిగించే, మెడ వంగే ఫోన్ స్టాండు కొన్ని వందల్లో వస్తుంది. మామూలు పెన్సిల్‌తో ఫోన్ స్క్రీన్ పనిచేయదు, టచ్ స్క్రీన్ స్టైలస్ కావాలి. అది కూడా ఒంటికి తగులుతూ ఉంటేనే పనిచేసే రకం ఎక్కువ, కాబట్టి పట్టీలో పెట్టినప్పుడు లోహపు భాగం చర్మానికి ఆనేలా చూడండి.

మాటతో నడపడం గురించి మీరు అడగలేదు కానీ అతనికి గొంతు బాగుంటే అది సగం పని తీరుస్తుంది. ఫోన్లో గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్ పెట్టి తెలుగు ఎంచుకుంటే, మైక్ బొమ్మ నొక్కి మాట్లాడింది తెలుగులో పడుతుంది. తెలుగుకు ఈ సదుపాయం 2017లో వచ్చింది. కంప్యూటర్లో క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచినా తెలుగులో చెప్పి రాయించొచ్చు. మన చిత్తూరు మాట దానికి కొన్నిచోట్ల అందదు. ఒక్కో మాటగా విడగొట్టి చెప్పకుండా వాక్యం మొత్తం ఒకే ఊపులో చెబితే తప్పులు తగ్గుతాయి. కంప్యూటర్ మొత్తాన్ని మాటతో నడపాలంటే విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ ఉంది. ఆజ్ఞలు ఇంగ్లీషులో చెప్పాలి, భారతీయుల ఇంగ్లీషు ఉచ్చారణను ఎంచుకోవచ్చు. ఒకసారి దించుకున్నాక ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. "షో నంబర్స్" అంటే స్క్రీన్ మీద నొక్కగలిగే ప్రతిదానికీ ఒక అంకె పడుతుంది, "క్లిక్ 7" అంటే ఏడోది నొక్కుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఇదే పేరుతో గూగుల్ యాప్ ఉంది. కానీ మాట మీదే పూర్తిగా ఆధారపడొద్దు. ఇంట్లో టీవీ మోగుతుంటే పనిచేయదు. జలుబు చేస్తే పనిచేయదు. పాస్‌వర్డ్ నలుగురి మధ్య పైకి చెప్పలేం. స్నేహితుడికి రాసే మెసేజ్ అమ్మ వినేలా చెప్పాల్సి వస్తే పాతికేళ్ళ కుర్రాడు రాయడమే మానేస్తాడు. అందుకే చేతి పద్ధతి ఒకటి, మాట పద్ధతి ఒకటి, రెండూ ఉండాలి.

తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోమని చాలామంది చెబుతారు. అందులో ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలకూ, అ ఆ ఇ ఈలకూ షిఫ్ట్ కావాలి, అయినా స్టిక్కీ కీస్ ఉంటే కష్టం లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే పద్ధతిలో నొక్కులు ఎక్కువ పడతాయి గానీ కొత్తగా నేర్వాల్సింది లేదు. అతనికి నొక్కుల సంఖ్యే అసలు ఖర్చు కాబట్టి, నన్నడిగితే వచ్చే మాటను ముందే ఊహించి చూపించే సౌకర్యం ఏ కీబోర్డులో బాగుంటే అది వాడమంటాను. జీబోర్డ్ నిఘంటువులో షార్ట్‌కట్లు పెట్టుకోవచ్చు: రెండక్షరాలు కొడితే ఇంటి చిరునామా మొత్తం రావాలి, ఇంకో రెండక్షరాలు కొడితే ఈమెయిల్ రావాలి.

ఇంటర్నెట్ చూడటం దగ్గర అసలు పరీక్ష ఉంటుంది. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళు చూసేవాడి చేతిలో మౌస్ ఉంటుంది, చెయ్యి వణకదు, వేలు గురి తప్పదు అనుకుని చేస్తారు. మౌస్ పెడితేనే తెరుచుకునే మెనూలు, ప్రకటన మూల నువ్వుగింజంత ఇంటూ గుర్తు, బొమ్మ ముక్కను జరిపి సరిపెట్టమనే పరీక్షలు, రాయడం పూర్తయ్యేలోపు టైమ్ అయిపోయిందని మొదటికి పంపే ఫారాలు. ఇవన్నీ మీ తమ్ముడికి ఎదురవుతాయి. తన చేతగానితనం అనుకోకూడదని ముందే చెప్పండి, అది సైటు లోపం.

దాటే దారులు కొన్ని చెబుతాను. ట్యాబ్ కీ నొక్కుతూ పోతే ఒక లింకు నుంచి ఇంకో లింకుకు వెళ్తుంది, షిఫ్ట్ కలిపితే వెనక్కి, ఎంటర్ నొక్కితే తెరుచుకుంటుంది. కానీ వార్తల సైటులో వంద లింకులుంటాయి, వందసార్లు నొక్కితే మణికట్టు ఏమైపోవాలి? అందుకే క్రోమ్‌లోగానీ ఫైర్‌ఫాక్స్‌లోగానీ విమియం అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ పెట్టండి. ఎఫ్ అక్షరం నొక్కగానే కనిపించే ప్రతి లింకు మీదా ఒకటి రెండు అక్షరాలు ప్రత్యక్షమవుతాయి, అవి కొడితే ఆ లింకు తెరుచుకుంటుంది. వంద నొక్కులు మూడుకు దిగుతాయి. నా దృష్టిలో ఒక్క కొసతో పనిచేసేవాళ్ళకు దీన్ని మించింది లేదు. కంట్రోల్, ప్లస్ కలిపి పేజీని పెద్దది చేస్తే బటన్లూ పెద్దవవుతాయి, గురి తేలికవుతుంది. ఆల్ట్‌తో ఎడమ బాణం వెనకటి పేజీకి, కంట్రోల్‌తో ఎల్ అడ్రస్ రాసేచోటికి. ప్రకటనల రొద ఉన్న పేజీలను రీడర్ మోడ్‌లో పెట్టుకుంటే రాత ఒక్కటే మిగులుతుంది. పేరు, చిరునామా బ్రౌజర్ తనే నింపేలా ఒకసారి దాచిపెట్టండి.

తిరుమల దర్శనం టికెట్లనే తీసుకోండి. మన ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు నెలనెలా ఆన్‌లైన్లో పోటీపడే పని అది. 300 రూపాయల టికెట్లు వదిలిన కొద్దిసేపటికే అయిపోతాయి, రెండు చేతులున్నవాళ్ళకే టెన్షన్. ఇక్కడ గెలిచేది వేగం కాదు, ముందు సిద్ధం కావడం. అందరి పేర్లు, ఆధార్ నంబర్లు ముందురోజే ఒక్కొక్కటిగా కాపీ చేసి, విండోస్ కీతో వీ నొక్కితే వచ్చే క్లిప్‌బోర్డు జాబితాలో పిన్ చేసుకోవాలి. సమయానికి నొక్కి అతికించడమే ఉంటుంది. పని అయ్యాక వాటిని తీసేయాలి. ఓటీపీ కోసం ఫోన్ వైపు చెయ్యి చాపక్కర్లేకుండా ఫోన్ లింక్ అనే విండోస్ యాప్‌తో మెసేజ్‌లు కంప్యూటర్ మీదే కనిపించేలా కలపొచ్చు. దివ్యాంగులకు, పెద్దవాళ్ళకు టీటీడీ విడిగా కోటా ఇస్తుంది, ఆ పోటీ వేరు, మీ తమ్ముడు అందులో ప్రయత్నించొచ్చు.

తిరుపతిలో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఎన్ని వేలమందో. ఇది చదువుతుంటే ఒక్క మాట. మీరు చేసిన ప్రాజెక్టు తెరిచి, మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్, ఎంటర్‌లతో మొదటి నుంచి చివరిదాకా వెళ్ళగలరేమో చూడండి. ఎక్కడున్నారో స్క్రీన్ మీద కనిపిస్తోందా? వెబ్‌సైట్లు దివ్యాంగులకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలు డబ్ల్యూసీఏజీ. 2023 అక్టోబరులో వచ్చిన వాటి 2.2 రూపం రెండో స్థాయిలో (ఏఏ), నొక్కే గుర్తు కనీసం 24 పిక్సెళ్ళ వెడల్పు, ఎత్తు ఉండాలనీ, లాగి చేసే పనికి నొక్కి చేసే దారి కూడా ఉండాలనీ చెబుతోంది. కొన్ని మినహాయింపులున్నా వీటిని పాటించడం కష్టం కాదు. మనకూ ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిజిటల్ సేవలు అందరికీ అందేలా ఉండాలంటుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. కెమెరా ముందు కళ్ళు ఆర్పితేనే కేవైసీ అవుతుందన్న పద్ధతి వల్ల యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు పడ్డ ఇబ్బంది మీద వచ్చిన కేసు అది. ఏదైనా సేవ తన చేతులకు అందకపోతే మీ తమ్ముడు బతిమాలక్కర్లేదు, ఫిర్యాదు రాయొచ్చు.

పని సంగతికొస్తే, డేటా ఎంట్రీ జోలికి పోనివ్వొద్దు. అక్కడ డబ్బులిచ్చేది వేగానికి, అది అతనికి ఎప్పుడూ నష్టమే. పైగా ఇంటి నుంచి పని అని ముందే డిపాజిట్ అడిగే మోసాలు ఎక్కువ. అతనికి ట్యాలీ వచ్చు కదా. ఎంత మంచి సంగతో మీకు తెలియడం లేదు. ట్యాలీ మొదటి నుంచీ మౌస్ లేకుండా కీబోర్డుతోనే నడిచేలా తయారైన సాఫ్ట్‌వేర్. ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 రాబడి, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, జీ నొక్కితే ఎక్కడికి కావాలంటే అక్కడికి దూకొచ్చు. స్టిక్కీ కీస్ పెట్టుకున్న మనిషి ఒక్క పెన్సిల్ కొసతో ఒక వ్యాపారి పుస్తకాలు మొత్తం చూడగలడు. మీ చుట్టూ మామిడి మండీలు, గుజ్జు ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి, లెక్కలు చూసే మనిషి వాళ్ళకు కావాలి. నెలకు ఒకటి రెండు చిన్న దుకాణాల జీఎస్టీ లెక్కలతో మొదలుపెట్టినా చాలు. అక్కడ విలువ లెక్క తెలిసినందుకు, వేళ్ళ వేగానికి కాదు. అయితే ఇది ఆరు నెలల తర్వాతి మాట. ముందు పాటలు, క్రికెట్, స్నేహితులు, ఏది ఇష్టమైతే అది. ఉద్యోగం కోసమే కంప్యూటర్ అని మొదటిరోజే మెడ మీద పెట్టొద్దు.

ఇప్పుడు మీకు కొంచెం కష్టమనిపించే మాట చెప్పాలి. అతను ఒక లింకు తెరవడానికి రెండు నిమిషాలు తంటాలు పడుతుంటే మీ చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది. వెళ్ళనివ్వొద్దు. పట్టీ తొడగడం, చార్జింగ్ పెట్టడం, బల్ల జరపడం మీ పని. అడిగితే సాయం చేయండి. అడగకుండా లాక్కుంటే, తను నెమ్మది అని అతనికి రోజూ గుర్తుచేసినట్టే. ఫోన్ లాక్, ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్ అతనివి అతనికే తెలియాలి. ఇన్నాళ్ళూ ఒంటికి స్నానం చేయించడం దగ్గర్నుంచి అన్నీ ఇంకొకరి ముందు జరుగుతున్న కుర్రాడికి, ఎవరూ చూడని చోటు ఒక్కటైనా కావాలి. అతను నాకెందుకు అంటున్నది కంప్యూటర్ వద్దని కాదనీ, దానికోసం మళ్ళీ ఒకరిని అడగాలంటే వద్దనీ నాకు అనిపిస్తోంది.

నాయనా, ఈ ఒక్క పేరా నీకు. అక్క చదివి వినిపించకుండా ఫోన్ స్టాండులో పెట్టి నీ చేతికిస్తే నువ్వే చదువుకో. మొదటి వారం చిరాకొస్తుంది. ఒక మెసేజ్ రాయడానికి పట్టే టైమ్ చూసి అన్నీ పక్కన పడేయాలనిపిస్తుంది. మెదడూ భుజమూ కొత్త పని నేర్చుకుంటున్నప్పుడు అంతే ఉంటుంది. రోజుకు పావుగంట చాలు, భుజం నొప్పి పుడితే ఆపెయ్. నువ్వు ఉన్న వేలూరు రీహాబ్ సంస్థ కథ నీకు చెప్పారో లేదో. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పోయిన డాక్టర్ మేరీ వర్గీస్, వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో ఆ సంస్థ మొదలవడానికి కారణం ఆమే. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి ఏం చేయగలడన్న ప్రశ్న అక్కడ ఎవరూ నిన్ను అడగరు. ఏం చేయాలనుకుంటున్నావని అడుగుతారు, ఆ జవాబు తీసుకుని వెళ్ళు.

ఇలాంటి కష్టమే ఇంకో రూపంలో ఉన్నవాళ్ళు కూడా రాస్తుంటారు కాబట్టి రెండు ముక్కలు. పార్కిన్సన్స్‌తో చెయ్యి వణికేవాళ్ళకు ఫిల్టర్ కీస్‌తో పాటు ఫోన్లో నొక్కి ఉంచే సమయాన్ని పెంచే సెట్టింగ్ బాగా పనికొస్తుంది. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు కీబోర్డు మీద రంధ్రాలున్న పలక బిగిస్తే పక్క కీలు తగలవు. చేతులు అస్సలు ఆడనివాళ్ళకు ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్ ఉంది, నవ్వడం, నోరు తెరవడం, కనుబొమలు ఎగరేయడాన్ని కెమెరా చూసి క్లిక్‌గా తీసుకుంటుంది. దానికీ డబ్బులు లేవు.

ఇక మీరు చేయాల్సింది. దివ్యాంగుల గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు లేకపోతే ముందు అది తీసుకోండి, పరికరాలకైనా, పరీక్షల్లో గంటకు 20 నిమిషాల అదనపు సమయానికైనా అదే ఆధారం. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద, అలిమ్కో అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే పరికరాల గురించి జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ఉంది, చెన్నై దగ్గర ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్మెడ్ ఉంది. కానీ మీకు అన్నిటికంటే దగ్గర దారి వేలూరే, అతని ఫైలు అక్కడే ఉంది కాబట్టి. ఈసారి చెకప్‌కు వెళ్ళినప్పుడు ఫిజియోథెరపీతో సరిపెట్టుకోకుండా రోజువారీ పనులు చేసుకునే తీరు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ విభాగంలో చూపించాలని ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి. లాప్‌టాప్, ఫోన్ స్టాండు, కుట్టించిన పట్టీ వెంట తీసుకెళ్ళండి. ఇంట్లో వాడే బల్ల ఎత్తు టేపుతో కొలిచి రాసుకెళ్ళండి, ఫొటో కూడా తీసుకోండి. పట్టీ ఏ కోణంలో ఉండాలో, వీల్‌చైర్ చేతులు తగ్గించాలో లేదో వాళ్ళు చూసి అక్కడే సరిచేస్తారు.